పచ్చరాయి అంటే ఏ రాయి?

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే మా పిన్నిగారు పనిలో కూర్చునేముందు వేలి ఉంగరం తీసి డబ్బాలో పెడతారు. బుధుడికని కొనుక్కున్న పచ్చ అది. మొన్న బిగువైందని సాగదీయించబోతే, కంసాలిగారు భూతద్దం పెట్టి చూసి "ఇది పచ్చ కాదమ్మా, పెరిడాట్" అన్నారట. పాపం, ఆవిడ ముఖం చిన్నబోయింది.

పెరిడాట్ గాజుముక్కేం కాదు, అసలైన రత్నమే. భూగర్భంలో బాగా లోతున పుట్టి లావాతో పైకొస్తుంది. కొన్ని ఉల్కల్లోనూ ఉంటుంది! ఎర్రసముద్రంలోని జబర్గద్ దీవిలో రెండువేల ఏళ్ల కిందటే తవ్వారు. ఇప్పుడు బర్మా, పాకిస్తాన్, అమెరికాలోని అరిజోనాల నుంచి వస్తోంది. జర్మనీలో కొలోన్ చర్చిలోని పెరిడాట్లను శతాబ్దాలపాటు పచ్చలనే అనుకున్నారంటారు. ఇక పిన్నిగారిదేం తప్పు?

రంగు ఇనుము వల్ల వస్తుంది, అందుకే పసుపు కలిసిన లేతాకు ఛాయ. భూతద్దంలోంచి చూస్తే రాయి అడుగు అంచులు రెండేసిగా కనిపిస్తాయి. పచ్చ కంటే మెత్తన. కాఠిన్యం ఆరున్నర నుంచి ఏడు, పచ్చకి ఏడున్నర నుంచి ఎనిమిది. హఠాత్తుగా వేడి తగిలితే పగులుతుంది, ఆమ్లం పడదు. ఉంగరం అతికించేటప్పుడు రాయి తీయించాలి. కడగడానికి సబ్బునీళ్లు చాలు.

నాకు ఒళ్లు మండింది మాత్రం బిల్లు చూసి. "పచ్చరాయి" అని రాసి, మరకతం ధర వేశారు. ఆకుపచ్చని రాయి ఏదైనా పచ్చరాయే కదా అనొచ్చు మరి! "మరకతం" అనో "పెరిడాట్" అనో రాయించుకుంటే ఆ సందు ఉండదు.

పిన్నిగారు ఉంగరం వదల్లేదు, రంగు నచ్చిందట. బిల్లు పట్టుకుని ఆదివారం ఆ కొట్టుకి వెళ్తున్నారు. తోడు నేనూ వెళ్తున్నాను.