ఊరి చరిత్రను మనమే రాసుకోవాలి
హైటెక్ సిటీ అంటే ఇప్పుడు అద్దాల మేడలే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు మాదాపూర్ కూడా మన ఊళ్లలాంటి పల్లెటూరే. అక్కడి దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది. 2020లో దానిపై తీగల వంతెన వచ్చింది. వంతెన గురించి అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల నేల దున్నినోళ్ల సంగతి చెప్పేవారేరి? దగ్గర్లోని కోకాపేటలో 2023 వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది.

అభివృద్ధి వద్దని కాదు. రేపు మన ఊరికీ రోడ్డు రావచ్చు. రైతు సోదరులు ఇప్పుడే పెద్దలనడిగి కుంటలు, తూములు, చెలకల పేర్లు, పాత పంటలు, నీటి వంతులు రాసి పెట్టుకోవాలి. నక్షా, పహాణీ నకళ్లు తీసుకోవాలి. చెరువు శిఖం హద్దులపై గ్రామసభలో తీర్మానం చేయించాలి. హద్దు తెలియని కుంటను పూడ్చడం సులువు. కుంట పూడితే బోర్లు ఎండేది చిన్న రైతుకే.