లెంచో ప్రశ్నలకు గైడు జవాబులు

మార్కాపురం, గిద్దలూరు వైపు పదో తరగతి పిల్లలు ఇంగ్లిష్‌లో మొదట చదివేది లెంచో కథ. 2024-25లో ఆంధ్రప్రదేశ్ ఎన్‌సీఈఆర్‌టీ ‘ఫస్ట్ ఫ్లైట్‌’కు మారడంతో వచ్చిన పాఠం ఇది. రైతు వాన కోసం మబ్బుల వైపు చూస్తాడు. వాన వస్తుంది, వెంటే వడగళ్లు పడి పంటంతా పోతుంది. 2004లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఇన్నేళ్లు ఎదురుచూసిన ఊళ్లలో, బోర్లు ఎండితే బేల్దారి పనికి వలసపోయే ఇళ్లలో ఈ కథను ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పాఠం చివరి ప్రశ్నలకు ఎంత ఆలోచన కావాలి? బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ప్రకటించి, ఆండర్సన్, క్రాత్‌వోల్ 2001లో సవరించిన ఆరు మెట్లే ఇప్పటికీ కొలబద్ద: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మంచిచెడ్డలు తేల్చడం, సృజించడం. లెంచో దేనికోసం ఆశపడ్డాడన్నది మొదటి మెట్టు. తుపాన్ల పేర్లు జతపరచడమూ దాదాపు అంతే. పంట పోయిన లెంచో దేవుడికి ఉత్తరం రాసి వంద పెసోలు అడిగితే, పోస్ట్‌మాస్టర్ తోటివాళ్లతో కలిసి పోగుచేసిన డెబ్బై అందాయి. మిగతావి ఎవరు కాజేశారని లెంచో అనుకున్నాడు, అందులో విడ్డూరం ఏమిటి అన్నది విశ్లేషణ. ఇలాంటి మనుషులు నిజంగా ఉంటారా అన్నది అయిదో మెట్టు. కాగితం మీద పుస్తకానికి మంచి మార్కులే పడతాయి.

నా పేచీ ఇక్కడే. ప్రశ్న ఏ మెట్టుదో, జవాబు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తేగానీ తేలదు. ఆ విడ్డూరం గైడులో నాలుగు లైన్లలో అచ్చయి ఉంది. దాన్ని బోర్డు మీద రాసి, నోట్సులోకి ఎక్కించి, స్లిప్ టెస్టులో అప్పజెప్పించుకున్నాక మిగిలేది బట్టీయే. టీచర్లను మాత్రమే అని లాభం లేదు, ఉత్తీర్ణత శాతం వాళ్ల మెడమీద కత్తి. పాఠ్యపుస్తకాన్ని అంచనా కట్టేవాళ్లు ఒక సెక్షన్ నోట్సులన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అయిదో మెట్టు ప్రశ్నకు నలభై మంది ఒకే జవాబు రాశారంటే అది మొదటి మెట్టు కిందే లెక్క.

లెంచో రెండో ఉత్తరం చదివాక పోస్ట్‌మాస్టర్ అసలు సంగతి చెప్పాలా? చెబితే లెంచో నమ్మకం కూలుతుంది, చెప్పకపోతే సాయం చేసినవాళ్లే దొంగలుగా మిగులుతారు. పరిహారం జాబితాలో పేరు లేక సచివాలయాన్నో బ్యాంకునో తిట్టుకునే తండ్రిని చూసిన పిల్ల దీనిమీద తెలుగులో పది నిమిషాలు వాదించగలదు. ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలే వస్తాయి. ఆ రెండూ చాలవని ఆమె చేతిలో గైడు పెడుతున్నాం. ముందు తెలుగులో వాదించనిచ్చి, తర్వాత సొంతంగా మూడు లైన్లు రాయమనాలి. ప్రిపోజిషన్ తప్పినా కారణానికి మార్కు వేయాలి.

అదే పుస్తకంలో గోవా రొట్టెలు, కూర్గ్, అస్సాం టీ మీద ఒక పాఠం ఉంది. ఆ వరసలో మార్కాపురం పలకల గురించి రాయమంటే రాయి ఎలా చీలుస్తారో ఇంట్లో అడిగి రాసే పిల్లలు ఇక్కడ చాలామందే ఉంటారు. అలాంటి ప్రశ్న పబ్లిక్ పరీక్షలో ఒక్కటైనా రానంతకాలం, ఏ హెడ్‌మాస్టరూ దానికి పీరియడ్ కేటాయించడు.