పుట్టువెండ్రుకలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారు తమ యిలవేల్పును బట్టి కొందఱు తిరుమలకును, కొందఱు దేవుని కడపకును, కొందఱు పాపఘ్ని యొడ్డున నున్న గండి వీరాంజనేయుని సన్నిధికిని బిడ్డల నెత్తుకొని పోయి పుట్టువెండ్రుకలు తీయింతురు. పదునొకండవ నెలయో, మూడవ యేడో, బేసిలెక్క తప్పనీయరు. మేనమామ తన యొడిలో బిడ్డను గూర్చుండబెట్టుకొని మొదటి కత్తెర వేయును. క్షురకుడు గుండు చేసిన పిదప నున్నని తలకు గంధము పూయుదురు.

జపానుదేశమున దీనిని బోలిన వేడుక యొకటి కలదు. దాని పేరు షిచి-గో-సాన్; అనగా ఏడు, ఐదు, మూడు. నవంబరు 15వ తేదీ ప్రాంతమున మూడేండ్ల బిడ్డలను, ఐదేండ్ల మగపిల్లలను, ఏడేండ్ల యాడపిల్లలను క్రొత్తబట్టలు కట్టి దేవళమునకు గొనిపోవుదురు. వేయేండ్ల మిఠాయి యను పొడవైన చక్కెరకడ్డీల నిత్తురు. మనము మూడవయేట జుట్టు తీయింతుము. పూర్వము వారు మూడవయేటనే జుట్టు పెంచ నారంభించెడివారు. ఆచారము వేఱు, తల్లిమనసు ఒక్కటే. పసితనమున బిడ్డలు దక్కుట యరుదైన కాలమున, గండము గడచినదను కృతజ్ఞతయే వేడుకయైనది.

కావున బిడ్డక్షేమమునకే మొదటిపీట వేయవలెను. ఒకరికి వాడిన బ్లేడు మఱియొకరికి వాడినచో రక్తము ద్వారా వ్యాపించు కామెర్లవంటి జబ్బులు సోకవచ్చును. క్రొత్తబ్లేడును మీ కన్నులయెదుటనే విప్పించుడు. ఏడాదిలోపు బిడ్డకు మాడు పూడియుండదు. అచ్చట చేయి తేలికగా నడువవలెను. బిడ్డ ఏడ్చి పెనగులాడినచో కాసేపు ఆపించి, పాలిచ్చి యూఱడింపుడు. గుండు చేయించిన జుట్టు దట్టమగునను మాట నిజము కాదు. కనుక మాటిమాటికి గొఱిగింప బనిలేదు. తొమ్మిదినెలలు నిండగానే వేయింపవలసిన తట్టు టీకాను, 16 మొదలు 24 నెలల లోపల వేయింపవలసిన రెండవ మోతాదును ప్రయాణము పేరిట వాయిదా వేయకుడు.

మఱియొక మాట. మగబిడ్డ గుండునకు ఊరంత విందు, ఆడబిడ్డ గుండునకు ఇంటివారు మాత్రమే యనుట కొన్నియిండ్ల వాడుక. జపానులో నాడపిల్లకు మూడవయేటను ఏడవయేటను రెండుమార్లు ముచ్చట జరుగుచున్నది. మన జేజులును అవ్వలును దీని నాలోచింపవలెను. విందు పెద్దదైననే బిడ్డ ఆయువు పెరుగదు. బంగారువర్తకమునకు బేరుగన్న ప్రొద్దుటూరిలో ముచ్చటపడి కొన్న నగను ఒక్కపూట భోజనములకై తాకట్టుపెట్టుట యేల? ఆ సొమ్మును బిడ్డ చదువునకు దాచుడు. మ్రొక్కు చెల్లించుటకు తలవెండ్రుకలు చాలును. తల్లికంట నీరు అక్కఱలేదు.