జీవితచరిత్ర శ్రవణం

పండితుణ్ణి మన పూర్వులు 'బహుశ్రుతుడు' అన్నారు. అనేక విషయాలు విన్నవాడని ఆ మాటకు అర్థం. పరీక్షిత్తు శుకమహర్షి ముఖతః ఏడు దినాలు భాగవతాన్ని విన్నాడు. జనమేజయుడు వైశంపాయనుని నోట భారతకథను ఆలకించాడు. అచ్చుయంత్రం వచ్చిన తరువాత విద్య చెవి నుండి కంటికి మారింది. నేడు శ్రవణగ్రంథాల రూపంలో అది మరల చెవిని చేరుతున్నది. చదువవలసినదాన్ని వినడం సోమరితనమని కొందరు నిరసిస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే తలచినవాణ్ణే. ఒక సుదీర్ఘమైన జీవితచరిత్రను ఆద్యంతం విన్న తరువాత నా అభిప్రాయం మారింది.

అది అమెరికా 18వ అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ చరిత్ర. రాన్ చెర్నౌ రచించిన ఆ గ్రంథం 2017లో వెలువడింది. ముద్రణలో వేయి పుటలకు పైబడినది. వినడానికి సుమారు 48 గంటలు పడుతుంది. ఉదయపు నడకవేళ రోజుకొక గంట చొప్పున విన్నాను. ఏడు వారాలు పట్టింది. "ఇంత కాలం వెచ్చించడమెందుకు? సారాంశం చదివితే పది నిమిషాలు చాలదా?" అని సహాధ్యాపకులొకరు అడిగారు. ఆ ప్రశ్న సమంజసమైనదే. దానికి నా సమాధానమే ఈ వ్యాసం.

గ్రాంటును గురించి అంతకుముందు నాకు తెలిసినది ఒకే ఒక వాక్యం: గొప్ప సేనాని, అసమర్థుడైన అధ్యక్షుడు. చాలాకాలం చరిత్రకారులు అనేకులు ఇంచుమించు ఈ మాటే చెప్పారు. అందులో సత్యం లేకపోలేదు. అయితే ఆ వాక్యంలో మనిషి లేడు.

1822లో ఒహాయో రాష్ట్రంలో జన్మించిన గ్రాంట్, వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో 1843లో చదువు ముగించాడు. 39 మందిలో అతనిది 21వ స్థానం. 1854లో సైన్యాన్ని విడిచిపెట్టాడు. తాగుడే అందుకు కారణమని లోకం చెప్పుకున్నది. తరువాత సేద్యం చేసి నష్టపోయాడు. సెయింట్ లూయిస్ వీథులలో కట్టెలమ్మాడు. 1857లో క్రిస్మస్ పండుగకు ముందు తన గడియారాన్ని తాకట్టు పెట్టాడు. 1860లో, 38 ఏళ్ల వయస్సులో, గలీనా పట్టణంలోని తండ్రిగారి తోలుసరకుల అంగడిలో గుమాస్తాగా చేరాడు.

పుస్తకం చేతిలో ఉంటే ఈ పుటలను చకచకా తిప్పివేసి యుద్ధఘట్టాలకు పోయేవాణ్ణి. వినేటప్పుడు అలా జరగలేదు. చదివే గొంతు తన నడకతోనే నడిచింది. నేను దాని వెంట నడిచాను. కొన్ని ఉదయాల పాటు అపజయం తప్ప మరేమీ వినబడలేదు. ఆ దైన్యంలోనే ఒక సంఘటన ఎదురైంది. విలియం జోన్స్ అనే బానిస అప్పట్లో గ్రాంట్ అధీనంలో ఉండేవాడు. అమ్మితే అప్పుల బాధ కొంత తీరేది. గ్రాంట్ అమ్మలేదు, 1859లో విముక్తిపత్రం వ్రాసి ఇచ్చాడు. సాటి మనిషిని బానిసగా ఉంచుకోవడం దోషమే. ఆ దోషమూ, ఈ ఔదార్యమూ ఒకే మనిషివి.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. 1865 ఏప్రిల్ 9న అపొమాటక్స్ వద్ద దక్షిణాది సేనాని లీ గ్రాంటుకు లొంగిపోయాడు. ఓడిన సైనికులు తమ సొంత గుర్రాలను వెంట తీసుకొనిపోయి వసంతకాలపు దున్నకాలకు వాడుకోవచ్చునని గ్రాంట్ అనుమతించాడు. సేద్యంలో చితికిపోయినవాడు కనుకనే ఆ గుర్రాల విలువ అతనికి తెలిసిందని నా ఊహ. ఆ ఓటమి సంవత్సరాలను వినకపోతే ఈ ఊహ నాకు కలిగేది కాదు.

దీర్ఘంగా వినడం ఆరాధనకు దారితీస్తుందని మీరు శంకించవచ్చు. నా అనుభవం అందుకు భిన్నం. 1862 డిసెంబరులో తన అధీనంలోని ప్రాంతం నుండి యూదులందరినీ వెళ్లగొట్టమని గ్రాంట్ ఆజ్ఞ జారీచేశాడు. అధ్యక్షుడు లింకన్ దానిని రద్దు చేయించాడు. ఆ ఘట్టం విన్ననాడు నాకు నడక సాగలేదు. 1869లో అధ్యక్షుడైన తరువాత నల్లజాతివారి ఓటుహక్కును సమర్థించాడు. వారిని హింసిస్తున్న కూ క్లక్స్ క్లాన్‌ను అణచడానికి 1871 నాటి చట్టాన్ని వినియోగించాడు. అయినా అపాత్రులను నమ్మాడు. మద్యం పన్ను కుంభకోణంలో అతని ఆంతరంగిక కార్యదర్శిపైనే అభియోగం వచ్చింది. 1884లో వ్యాపార భాగస్వామి మోసగించగా సర్వస్వం కోల్పోయాడు. గొంతులో పుట్టిన క్యాన్సరుతో మాట పడిపోతున్నా, భార్యకు జీవనాధారం కల్పించాలని స్వీయచరిత్ర వ్రాశాడు. అది ముగిసిన కొద్ది దినాలకే, 1885 జూలై 23న కన్నుమూశాడు.

శ్రవణానికి లోపాలు లేకపోలేదు. మనస్సు చలిస్తే వాక్యం జారిపోతుంది. తేదీలూ పేర్లూ నిలువవు. అందుకే ఇంటికి రాగానే నాలుగు మాటలు వ్రాసుకొనేవాణ్ణి. వినడం చదవడానికి ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. పరీక్షకు సారాంశం అవసరమే. దానితో ఒక ప్రశ్నకు జవాబు వ్రాయవచ్చు. ఒక మనిషిని గురించి తీర్పు చెప్పరాదు.

విద్యార్థులారా! మిమ్మల్ని కూడ లోకం ఒక్క వాక్యంలో, ఒక్కొక్కప్పుడు మార్కుల జాబితాలోని ఒక్క అంకెలో, కుదించి చూస్తుంది. అది మీకు బాధ కలిగిస్తుంది. అదే తొందరతో మీరు ఇతరులను కొలవకండి. ఏడాదికి ఒక్క జీవితచరిత్రనైనా, చదివో వినియో, మొదటి నుండి చివరి వరకు అనుసరించండి. ముఖ్యంగా ఓటమి సంవత్సరాలను దాటవేయకండి.