నటులు కావలెను - పారితోషికం చేపల పులుసు

కోవూరు నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. "అన్నా! ఫోనుంది, స్టాండుంది, మైపాడు బీచుంది, నవ్వొచ్చే కథలు పది ఉండాయి. యాక్టర్లే లేరు. ఫ్రెండ్సు రెండు ఆదివారాలొచ్చి, మూడో ఆదివారం ఫోన్లు స్విచాఫ్ చేశారు. ఆడవేషానికి అసలెవరూ దొరకలా. భోజనం పెడతామని వాట్సప్‌లో ప్రకటన ఇస్తే పదకొండు మంది వచ్చి పులుసన్నం తినిపోయారు. ఒకామె అయితే పులుసులో మామిడికాయ వెయ్యలేదని అరగంట తిట్టింది. నటించడానికి ఒక్కరూ నిలబడలా. ఏం చేసేది?"

నవ్వకండి. ఇలాంటి గోడు ఒకప్పుడు మద్రాసు రైలెక్కిన కుర్రాళ్ళు వెళ్ళబోసుకునేవారు. ఒక్క వేషానికి వందమంది క్యూ. ఇప్పుడు యూట్యూబు పుణ్యమా అని కోడంబాకం మైపాడుకే నడిచొచ్చింది గానీ, వేషాలుండీ మనుషుల్లేరు!

తమ్ముడూ, మీ జిల్లావాళ్ళనే చూడు. 'సరిలేరు నీకెవ్వరు' ఫైటును 'నెల్లూరు కుర్రాళ్ళు' తిరిగి తీస్తే 2020లో ఊరూరా చూశారు. దర్శకుడు అనిల్ రావిపూడే మెచ్చుకున్నాడు. వాళ్ళు నటుల కోసం ప్రకటనలివ్వలేదు. తమలో తామే హీరోలు, తమలో తామే దెబ్బలు తినేవాళ్ళు. ఇంకొంచెం పైకి, జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి వెళ్ళు. 'మై విలేజ్ షో' వాళ్ళకు గంగవ్వ ఎక్కడ దొరికిందనుకున్నావు? ఆ ఊళ్ళోనే! కూలిపనికి పోయిన మనిషి, బీడీలు చుట్టిన మనిషి. 2019లో 'మల్లేశం'లో కనిపించింది, 2020లో బిగ్ బాస్ ఇంట్లో కూర్చుంది. ఆమెకు ఎవరూ నటన నేర్పలేదు, ఆమె మాటను ఆమెకు వదిలేశారు, అంతే.

నీ తప్పు అక్కడే ఉందని నా అనుమానం. నువ్వు డైలాగు కాగితం చేతికిచ్చి ఉంటావు. కాగితం చూడగానే మంచి మాటకారి కూడా కర్రలా బిగుసుకుపోతాడు. సందర్భం చెప్పు, నెల్లూరు యాసలో వాళ్ళనే తిట్టుకోమను. మాయాబజార్‌లో చిన్నమయగా కడుపుబ్బ నవ్వించిన మన రమణారెడ్డి సినిమాల్లోకి రాకముందు నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. మరి మీ మునిసిపాలిటీ ఆఫీసులో ఎవరున్నారో ఎప్పుడైనా తొంగి చూశావా?

ఇక ఆడవేషం. అమ్మాయిలు రారని అందరూ అంటారు. ఎందుకొస్తారు? చీకటి పడ్డాక షూటింగు, ముక్కూమొహం తెలియని నలుగురు మగాళ్ళు, వీడియో కింద బండబూతులు! పట్టపగలు తియ్యి. తోడుగా ఇంకొకరిని తెచ్చుకోమను. తీసింది ముందు ఆమెకే చూపించు, వద్దన్న ముక్క తీసెయ్యి. బూతు రాసినవాణ్ణి నువ్వే తుడిచెయ్యి, ఆమెను తుడవమనకు. చేపలమ్మే అవ్వను అడక్కుండా తీసి నవ్వులపాలు చేసేవాళ్ళున్నారు, వాళ్ళ జాబితాలో చేరకు. డబ్బు సంగతి కూడా మొదటిరోజే తేల్చుకో. వీడియోకు నాలుగు రూపాయలొస్తే ఎవరి వాటా ఎంతో ముందే అనుకోకపోతే, మూడో ఆదివారం ఫోన్లు స్విచాఫే.

సందట్లో సడేమియాగా ఇంకో మాట, ఇది నటించాలనుకునేవాళ్ళకు. 'వెబ్ సిరీస్‌కు కొత్త ముఖాలు కావాలి, రిజిస్ట్రేషన్ రెండువేలు పంపండి' అంటే పైసా పంపకండి. వేషమిచ్చేవాడు డబ్బిస్తాడు, పుచ్చుకోడు. నేనూ కుర్రతనంలో ఇలాగే ఫోటోతోపాటు మనియార్డరు పంపినవాణ్ణే. ఫోటో కూడా తిరిగి రాలేదు!

మైపాడులో పొద్దున్నే తియ్యి తమ్ముడూ. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే మైకులో హోరు తప్ప మాట వినపడదు. కామెడీ కోసమని ఎవర్నీ అలల్లోకి తొయ్యొద్దు, ఆ సముద్రానికి హాస్యం తెలియదు.

అన్నట్టు, మామిడికాయ వెయ్యలేదని అరగంట తిట్టిపోయిన ఆ పెద్దామెను వేషం వేస్తావా అని అడిగావా?