తీగ లోపల ఏముంది?

ఫిడేలును ఎరగనివారు మనలో ఉండరు. కాని ఆ కుటుంబానికి పెద్దదిక్కయిన డబుల్ బేస్‌ను దగ్గరగా చూసినవారు కొద్దిమందే. మనిషికన్న ఎత్తయిన వాద్యం అది. వాయించేవాడు నిలబడి గాని, ఎత్తుపీట మీద కూర్చుని గాని దాన్ని ఒంటికి ఆనించుకుని వాయించాలి. పాశ్చాత్య వాద్యబృందాలలోనూ, జాజ్ మేళాలలోనూ పాట అడుగున గుమ్ముగుమ్మున వినిపించే మంద్రనాదం దానిదే. మద్రాసులో మన సినిమా పాటలకు వాయించిన బృందాలలో కూడా అది ఉండేది.

అంత లోతైన నాదాన్ని పుట్టించే తీగను తయారుచెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. ఎందుకో చూడండి. తీగ కంపించే తీరును గురించిన సూత్రాలను ఫ్రాన్సు దేశస్థుడు మెర్సెన్ 1636లో ప్రకటించాడు. వాటి ప్రకారం, తీగ పొడుగునూ బిగువునూ మార్చకుండా నాదాన్ని ఒక స్థాయి దింపాలంటే తీగ బరువు 4 రెట్లు కావాలి. రెండు స్థాయిలు దింపాలంటే 16 రెట్లు! ఫిడేలులో అన్నిటికన్న మంద్రమైన తీగ సెకండుకు 196 సార్లు కంపిస్తుంది. డబుల్ బేస్‌లో మంద్రపు తీగ 41 సార్లే. తీగ పొడుగు 13 అంగుళాల నుంచి 41 అంగుళాలకు పెరిగినా అది చాలదు. బరువు కూడా పెరగవలసిందే.

'అయితే లావుపాటి ఉక్కుతీగ ఒకటి బిగిస్తే సరిపోదా?' అంటారేమో. సరిపోదు. లావెక్కినకొద్దీ తీగ బిరుసెక్కి కిటికీ ఊచలా తయారవుతుంది. ఊచను మీటితే ఖణేలుమంటుంది గాని పాడదు. బరువు రావాలి, మెత్తదనం పోకూడదు. ఇదీ అసలు చిక్కు.

దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా చక్కనిది. లోపల సన్నని పోగు, దానిపైన బొంగరానికి తాడు చుట్టినట్టు లోహపు చుట్టు. లాగుడును లోపలి పోగు భరిస్తుంది. బరువును పైచుట్టు ఇస్తుంది. పేగు మీదో, పట్టు మీదో సన్నని లోహపుతీగ చుట్టిన తంతులను గురించి లండనులో ప్లేఫర్డ్ అనే ప్రచురణకర్త 1664లోనే ప్రకటన వేశాడు. ఇంట్లో వీణ ఉన్నవారు దాని మంద్రం, అనుమంద్రం తీగలను వేలితో తడిమి చూడండి. అక్కడ ఉన్నదీ ఈ ఉపాయమే.

ఇక లోపలి పోగు ఎన్ని రకాలో చూద్దాం.

మొదటిది పేగు. ఇంగ్లీషువారు 'క్యాట్‌గట్' అంటారు కనుక పిల్లి పేగనుకునేవారున్నారు. పాపం, పిల్లికి దీనితో ఏ సంబంధమూ లేదు! గొర్రె పేగును శుభ్రం చేసి, పోగులు తీసి పేనుతారు. ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా డబుల్ బేస్‌కు ఇవే ఎక్కువగా వాడేవారు. నాదం కమ్మగా ఉంటుంది. మీటితే గుమ్మని మోగి, త్వరగా అణిగిపోతుంది. కాని గాలిలో తేమ మారితే శ్రుతి మారుతుంది. ధర ఎక్కువ, ఆయుష్షు తక్కువ.

రెండవది ఒంటి ఉక్కుతీగ. శ్రుతి నిలకడగా ఉంటుంది. కమాను తాకగానే స్పష్టంగా పలుకుతుంది. అయితే కొంచెం బిరుసు. అందుచేత డబుల్ బేస్ వంటి పెద్ద వాద్యానికి మూడవ రకమే ఎక్కువ వాడుక.

ఆ మూడవది ఉక్కు మోకు. వెంట్రుకల్లాంటి ఉక్కుపోగులను అనేకం కలిపి మెలిపెడతారు. ఒకే లావున్న ఊచనూ మోకునూ వంచి చూస్తే తేడా తెలుస్తుంది కదా! మీటితే నాదం చాలాసేపు సాగుతుంది. వియన్నాలో తయారయ్యే 'స్పైరోకోర్' తీగలు ఈ జాతివే. జాజ్ వాద్యకారులకు అవంటే ఇష్టం.

నాలుగవది నైలాను వంటి కృత్రిమ దారాల పోగు. పేగుకున్న మెత్తదనం చాలావరకు ఉంటుంది, తేమ భయం తక్కువ.

మరి వీటిలో ఏది మేలు? ఎక్కువగా కమానుతో వాయించేవారు ఉక్కును కోరుకుంటారు. వేలితో మీటి, పాతకాలపు నాదం రావాలనుకునేవారు పేగునో, కృత్రిమపు పోగునో వెతుక్కుంటారు. వాద్యం వయస్సు కూడా చూడాలి. వెనకటి వాద్యాలు పేగుతీగల బిగువుకు తగినట్టు చేసినవి. నాలుగు ఉక్కుతీగల లాగుడు 100 కిలోలు దాటుతుంది. ఆ బరువుకు పాత వాద్యం పైపలక కుంగే ప్రమాదముంది. తీగల సెట్టు ఖరీదు తక్కువేమీ కాదు. వాద్యం ఖరీదు దానికి ఎన్నో రెట్లు. కనుక కొనేముందు అనుభవజ్ఞుణ్ణి అడగడం మంచిది.

చివరికొక మాట. ఫిడేలుకైనా, డబుల్ బేస్‌కైనా తీగలు మార్చేటప్పుడు నాలుగింటినీ ఒక్కసారి విప్పకండి. పైనున్న గుర్రాన్నీ, లోపల నిలబెట్టిన చిన్న కర్రనూ ఎవరూ అతికించలేదు. తీగల బిగువే వాటిని నిలబెడుతోంది. ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది బిగించి, ఆ తరువాతే రెండవదాని మీద చెయ్యి వెయ్యండి.