కిరాయి బతుకులు – 4: తాళం చేతికొచ్చిన రోజే ఫోటో తీయండి



పోయిన భాగంలో టూ-లెట్ బోర్డు దగ్గర మొదలయ్యే ప్రశ్నల గురించి రాశాను. "మీరేమిట్లు?", "ఇంటిపేరేంటి?", "నాన్‌వెజ్ వండుతారా?" అది చదివిన విద్యార్థులు చాలామంది ఒకటే అడిగారు: "ఇల్లు దొరికాక జరిగేది కూడా రాయన్నా. ఖాళీ చేసినప్పుడు అడ్వాన్స్ ఇవ్వట్లేదు."

రాస్తున్నాను. పగిలిన సింకు గురించి, గోడ మీద చెమ్మ గురించి కూడా వ్యాసం రాయాలా అని కొందరు పెద్దలు నవ్వుకుంటారు. నవ్వనివ్వండి. విద్యానగర్‌లోనో అశోక్‌నగర్‌లోనో రూం తీసుకునే మన పిల్లల చేతిలో ఉన్న ఆ అడ్వాన్స్ ఎక్కడిదో నాకు తెలుసు. అమ్మ డ్వాక్రా సంఘంలో ఎత్తిన అప్పు, నాన్న మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న కూలి, అక్క కుదువబెట్టిన కమ్మలు. దాంట్లో సగం పోతే ఆ పిల్లవాడికి తర్వాతి రూం దొరకదు. రూం లేకపోతే కోచింగ్ ఉండదు, పరీక్ష ఉండదు.

నేను చెప్పేది ఒక్కటే. సామాను దించకముందే ఇల్లు ఎట్లా ఉందో ఫోటోలు, వీడియో తీయండి. అదే రోజు ఓనర్‌కు పంపండి.

ఈ మధ్య అడిక్‌మెట్ వైపు ఉండే ఇద్దరు చెల్లెళ్లు నా దగ్గరకు వచ్చారు. ఇద్దరూ పీజీ చదువుతున్నారు. అడ్వాన్స్ 24,000 ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత ఖాళీ చేస్తే చేతికొచ్చింది 7,000. పెయింటింగుకు 8,000, బాత్రూం తలుపుకు 4,500, క్లీనింగుకు 2,500, కిచెన్ సింకుకు 2,000 పట్టుకున్నారు. బాత్రూం తలుపు కింది చెక్క వాళ్లు దిగకముందే నాని ఊడిపోయి ఉందట. చెప్పారు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఓనర్. చెప్పామన్నారు. "ఎక్కడ?" అన్నాడు. ఆ ఎక్కడ అన్న మాటకు వాళ్ల దగ్గర జవాబు లేదు. కానీ ఒక ఫోటో దొరికింది. దిగిన రోజు "మా వంటిల్లు చూడక్కా" అని ఊళ్లో అక్కకు వాట్సాప్‌లో పంపింది. అందులో సింకు మూలన పగులు స్పష్టంగా కనపడుతోంది, పక్కన తేదీ ఉంది. అది చూపిస్తే 2,000 వెనక్కి వచ్చాయి. సింకుది మాత్రమే. ఫోటోలో ఉన్నది వచ్చింది, ఫోటోలో లేనిది పోయింది.

చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, కిరాయిదారు ఇంటిని తనకు అప్పజెప్పినప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల, తరుగుదల దీంట్లోకి రావు. అంటే రెండేళ్లలో రంగు వెలిసిపోతే ఆ తప్పు మనది కాదు. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే మొత్తం తగాదా "అప్పజెప్పినప్పుడు" అన్న ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. అప్పుడు ఎట్లా ఉందో ఎవరు చెప్పాలి? డబ్బు ఓనర్ దగ్గర ఉంది కాబట్టి ఆయన చెప్పిందే నడుస్తుంది. మనం కోర్టుకు పోయి రాబట్టుకోవాలి. ఆయన మాత్రం కూర్చున్న చోటు నుంచే పట్టుకోగలడు.

ఇంగ్లండ్‌లో చదువుకోడానికి పోయిన మన పిల్లల్ని అడగండి. అక్కడ మామూలు ప్రైవేటు అద్దె ఇళ్లకు 2007 నుంచి ఒక పద్ధతి ఉంది. ఓనర్ డిపాజిట్‌ను 30 రోజుల్లోపు ప్రభుత్వం ఆమోదించిన పథకంలో పెట్టాలి. తగాదా వచ్చి ఆ పథకం ముందుకు పోతే, నష్టం జరిగిందని చూపించాల్సింది ఓనరే. అందుకే దిగే రోజు ఇంట్లో ఏమేం ఉన్నాయి, ఎట్లా ఉన్నాయి అని గదిగదికీ రాసుకోవడం అక్కడ అలవాటు. మన దగ్గర కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాస ఇళ్లకు అడ్వాన్స్ 2 నెలల అద్దె దాటకూడదని అందులో ఉంది. కిరాయిదారు పాడుచేస్తే తప్ప గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు ఓనర్ బాధ్యత అని, కుళాయిలు, స్విచ్చులు, తాళాల వంటి చిన్న రిపేర్లు కిరాయిదారు బాధ్యత అని దాని షెడ్యూల్‌లో ఉంది. కానీ నమూనా చట్టం దానంతట అది అమలు కాదు. రాష్ట్రం చట్టం చేయాలి. మనం దాన్ని డిమాండ్ చేయాలి. చట్టం వచ్చేదాకా మన సాక్ష్యం మనమే తయారు చేసుకోవాలి.

ఇది కిరాయిదారులందరి సమస్యే కదా, మళ్లీ కులం ఎందుకు అంటారు. అందరిదీ అవును. అందరికీ ఒకేలా మాత్రం లేదు. ఓనర్ కులపోడో, తెలిసినవాళ్ల అబ్బాయో అయితే గోడ మీద మేకు కూడా కనపడదు. ఇంటిపేరు దాచుకుని దిగినవాడు గట్టిగా అడగలేడు. అడిగితే ఇంకేం బయటపడుతుందో అని భయం. సంగతి తెలిసిన మర్నాడే "మా చుట్టాలొస్తున్నారు, ఖాళీ చేయండి" అంటే రెండు రోజుల్లో సామాను ఆటోలో వేసుకునే వాళ్లం మనం. 1917లో కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన అంబేద్కర్‌ను పార్శీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి సాయంత్రానికల్లా పొమ్మన్నారు. అట్లా పోవాల్సిన మనిషికి గదులు తిరిగి చూపించి లెక్క తేల్చుకునే తీరిక ఎవరిస్తారు? తొందరగా వెళ్లగొట్టే అవకాశం ఎవరి మీద ఎక్కువుందో, వాళ్ల అడ్వాన్సే తొందరగా మాయమవుతుంది.

మా తాత పాలేరుగా పనిచేశాడు. ఆయన తీసుకున్న అప్పు ఎంతో, తీర్చింది ఎంతో, ఇంకా ఎన్నేళ్లు చేయాలో అన్నీ ఆసామి పుస్తకంలోనే ఉండేవి. మా తాత దగ్గర పుస్తకం లేదు, రాయడమూ రాదు. ఈ రోజు మన పిల్లలకు రాయడం వచ్చు, జేబులో కెమెరా ఉంది. అయినా లెక్క పుస్తకం ఇంకా అవతలివాడి దగ్గరే ఎందుకుండాలి?

ఇప్పుడు పని సంగతి. పగటి వెలుతురులో, ఖాళీ ఇంట్లో తీయండి. గుమ్మం నుంచి మొదలుపెట్టి ఒక్కో గదీ తిరుగుతూ ఆపకుండా ఒక వీడియో. తర్వాత విడిగా ఫోటోలు: చెమ్మ పట్టిన గోడలు, మేకుల రంధ్రాలు, పగిలిన టైల్స్, తలుపుల కింది భాగాలు, గడియలు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు, సింకు, కమోడ్, ఫ్లష్. కుళాయిలు తిప్పి, ఫ్యాన్లు లైట్లు వేసి వీడియోలో చూపించండి. కరెంటు మీటరు రీడింగు తీయండి. పాత బాకీ మన నెత్తిన పడకుండా ఉంటుంది. ఎన్ని తాళంచెవులు ఇచ్చారో అరచేతిలో పెట్టి ఒక ఫోటో.

అదే రోజు పంపండి. మెసేజ్ మర్యాదగా ఉండాలి: "నమస్తే అంకుల్, ఈ రోజు తాళాలు తీసుకున్నాం. ఇల్లు ఇప్పుడెట్లా ఉందో ఫోటోలు పంపుతున్నాం. బాత్రూం తలుపు కింద చెక్క పాడైంది, సింకు మూలన పగులుంది. మీ దగ్గర కూడా ఉంచండి." ఆయన జవాబివ్వకపోయినా తేదీ ఉంటుంది. ఫోన్ పోతుంది, పగులుతుంది. కాబట్టి మీ మెయిల్‌కు కూడా పంపుకోండి. ఫోన్‌లో అసలు ఫైలు తీసేయొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద ఇలాంటివి కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జత చేయాలి. అసలు ఫైలు దగ్గరుంటే ఆ పని తేలిక.

అడ్వాన్స్ చేతికి ఇవ్వకండి. యూపీఐలోనో బ్యాంకులోనో వేసి "అడ్వాన్స్" అని రాయండి. నగదే కావాలంటే రసీదు అడగండి. 11 నెలల అగ్రిమెంట్ అయినా ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. సంతకానికి ముందు "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగుకు" అన్న లైను ఉందేమో వెతకండి. చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. సంతకం పెట్టాక నేను పైన చెప్పిన 108వ సెక్షన్ మీకు పెద్దగా పనికిరాదు. బేరమాడాల్సింది అప్పుడే.

పోయేటప్పుడు అదే వరుసలో మళ్లీ తీయండి. వీలైతే ఓనర్‌ను పక్కన ఉంచుకుని తిరగండి. డబ్బు పట్టుకుంటే దేనికెంతో రాసిమ్మనండి, రిపేరు బిల్లు అడగండి. అయినా ఇవ్వకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఫోన్ నంబరు 15100.

"ఫోటోలు తీస్తే ఓనర్‌కు కోపం వస్తుంది, ఇల్లే ఇవ్వడు" అని ఒక తమ్ముడు అన్నాడు. అందుకే తాళం చేతికొచ్చాక తీయమంటున్నాను. దానికీ కోపం తెచ్చుకునే మనిషైతే, ఖాళీ చేసే రోజు ఎట్లా ఉంటాడో మొదటి రోజే తెలిసిపోయింది.

ఈ ఫోటోలతో కులం పోదు. టూ-లెట్ బోర్డు దగ్గర ప్రశ్నలు ఆగవు. ఆ కొట్లాట వేరే ఉంది, అది ఆపేది లేదు. కానీ కొట్లాడే పిల్లలు ఊళ్లో నిలవాలి. నిలవాలంటే రూం ఉండాలి. విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక విజ్ఞప్తి. అడ్మిషన్ల సమయంలో హెల్ప్ డెస్కులు పెడతారు కదా, అక్కడ సర్టిఫికెట్ల లిస్టుతో పాటు ఈ లిస్టు కూడా ఒక కాగితం మీద పంచండి. కొత్తగా రూంలో దిగే చెల్లి వెంట ఒకరు వెళ్లి, వీడియో తీసేదాకా తోడుండండి. పదిహేను నిమిషాల పని.

వచ్చే భాగంలో హాస్టళ్ల మెస్ బిల్లుల గురించి.

జై భీమ్.